లాఫీ ఓడ మీద నాన్నతో

శుక్రవారం

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకి మనవాళ్ళు చూపించేవి ఎవరింట్లోనైనా ఒకటే. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్, దారిలో ఎక్కడైనా ఒక బాలాజీ గుడి. నాన్న ఆ లిస్టంతా ఓపిగ్గా విని, "ఇక్కడ పాత ఓడలేమీ లేవా అమ్మాయ్?" అన్నారు.

అడుగుతారని తెలుసు. ఆయన విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఇంట్లో మంచి నీళ్ళ ట్యాంకు కొన్నా అతుకులు తడిమి చూసే మనిషి. అందుకే ఈసారి నయాగరా వాయిదా వేసి, మేముండే షార్లెట్ నుంచి మూడున్నర గంటల దూరంలో, సౌత్ కరోలినా సముద్రతీరాన ఉన్న చార్ల్‌స్టన్‌కి బయల్దేరాం. నేను, నాన్న, అమ్మ, మా పదేళ్ళ వాడు. మా ఆయనకి ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందని ఇంట్లోనే ఉండిపోయారు.

దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొలంబియా దాకా ఒక హైవే, అక్కణ్ణుంచి సముద్రం దాకా ఇంకొకటి, రెండు పక్కలా పైన్ చెట్లు. ఒక్క చోట మాత్రం రోడ్డు పక్కన బండి మీద ఉడకేసిన వేరుశనక్కాయలు అమ్ముతున్నారు. సౌత్ కరోలినాలో ఇదో ఇష్టమైన చిరుతిండి. అమ్మ ఆశ్చర్యపోయి రెండు పొట్లాలు కొనిపించింది, ఉప్పు కాస్త ఎక్కువైందని తీర్పు కూడా ఇచ్చింది.

చార్ల్‌స్టన్ చేరేసరికి సాయంత్రమైంది. కూపర్ నది మీద రావెనెల్ వంతెన చాలా ఎత్తుగా ఉంటుంది, తీగలతో వేలాడదీసినట్టు. దాని మీదికి ఎక్కగానే కుడివైపు కింద రేవు, అందులో యార్క్‌టౌన్ విమానవాహక నౌక కనిపించాయి. 270 మీటర్ల పొడవు. మావాడు "అదిగో, అదిగో!" అని ఒకటే అరుపు. నాన్న చూపు దాని మీద లేదు. "ఆ పక్కనున్న చిన్నది ఏంటి?"

అదే మేం చూడ్డానికొచ్చిన ఓడ. యూఎస్ఎస్ లాఫీ, డిస్ట్రాయర్, నంబరు 724. పొడవు 115 మీటర్లు.

శనివారం

ఈ ఓడలున్న మ్యూజియం పేరు పేట్రియట్స్ పాయింట్. దాని గేటు తెరవగానే లోపలికి వెళ్ళాం. ఒక పొడవాటి చెక్క వంతెన మీద నడిచి వెళ్తే ముందు యార్క్‌టౌన్ వస్తుంది. వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మంది అందులోకే దూరిపోతారు, విమానాలుంటాయి కాబట్టి. అమ్మకి మోకాళ్ళు నొప్పి. యార్క్‌టౌన్‌లో లిఫ్టు ఉందని తెలిసి, తను మావాడితో అటు వెళ్ళింది. మేమిద్దరం లాఫీ ఎక్కాం.

ఎక్కీ ఎక్కగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళలో కట్టారట?"

1943 జూన్ 28న మెయిన్ రాష్ట్రంలోని బాత్ ఐరన్ వర్క్స్‌లో పని మొదలైంది. నవంబరు 21న నీళ్ళలోకి దింపారు. 1944 ఫిబ్రవరి 8న నౌకాదళంలో చేర్చుకున్నారు. అంటే ఏడున్నర నెలలు. నాన్న నన్ను మళ్ళీ చదవమన్నారు. చదివాను. "ఏడు నెలలా! మాకు ఒక్కోసారి డ్రాయింగులు అప్రూవ్ అవడానికే అంత పట్టేది" అని కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు. ఆ రోజుల్లో బాత్ యార్డు సగటున పదిహేడు రోజులకొక డిస్ట్రాయర్‌ని వదిలేదని చెబితే ఆయన ఏమీ అనలేదు. ఇంకొకరి పని బాగా నచ్చితే నాన్న మాట్లాడరు.

డిస్ట్రాయర్ అంటే పేరు భయంకరంగా ఉంటుంది గానీ, నౌకాదళంలో అది అన్ని పనులూ చేసే ఓడ. పెద్ద ఓడలకి కాపలా కాయాలి, జలాంతర్గాముల్ని వెతకాలి, ఒడ్డు మీద దిగే సైనికులకి ఫిరంగులతో దారి చెయ్యాలి, నీళ్ళలో పడ్డ పైలట్లని ఏరుకురావాలి. పెద్ద యుద్ధనౌకలకుండే మందపాటి కవచం దీనికి ఉండదు. అమెరికా నావికులు వీటిని రేకు డబ్బాలని పిలిచేవాళ్ళు. దీనికున్న రక్షణ వేగమే. 34 నాట్ల దాకా, అంటే గంటకి దాదాపు 63 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తుతుంది. ఐదంగుళాల ఫిరంగులు ఆరు, రెండేసి చొప్పున మూడు గూళ్ళలో. ముందు రెండు గూళ్ళు, వెనక ఒకటి. మూడు వందల పైచిలుకు మంది సిబ్బంది.

ముందు భాగం దగ్గర నాన్న ఆగి, నీటి మట్టానికి కాస్త పైన ఉన్న ప్లేట్లని వంగి చూశారు. దీని మొదటి గాయం ముందు భాగానికే అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యం ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన దిగినప్పుడు, యూటా బీచ్ దగ్గర లాఫీ ఉంది. అదే నెల 25న షెర్బోర్గ్ రేవు మీద బాంబార్డ్‌మెంట్‌లో పాల్గొంది. ఒడ్డు మీది జర్మన్ ఫిరంగి గుండు ఒకటి నీళ్ళ మీద తగిలి ఎగిరి, ఓడ ముందు భాగాన్ని చీల్చుకుని లోపల పడింది. పేలలేదు. పేలి ఉంటే లాఫీ కథ అక్కడే అయిపోయేది, మేం ఈ వీకెండ్ నయాగరాకే వెళ్ళేవాళ్ళం.

అక్కణ్ణుంచి పనామా కాలువ మీదుగా పసిఫిక్. డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లో ఓర్మోక్, మిందోరో. 1945 జనవరిలో లింగాయెన్, ఫిబ్రవరిలో ఇవోజిమా. ఒక్కో పేరు వెనకా ఒక్కో యుద్ధం ఉన్నా, ఈ ఓడకి సంబంధించినంత వరకు అవన్నీ దాని రోజువారీ డ్యూటీ. లాఫీకి పేరు తెచ్చింది ఒకే ఒక్క పొద్దున. 1945 ఏప్రిల్ 16. గడియారం ప్రకారం ఎనభై నిమిషాలు.

జపాన్‌కి చెందిన ఒకినావా దీవిని అమెరికా ముట్టడించింది. జపాన్ ప్రధాన దీవుల్లోని క్యూషూ నుంచి ఆత్మాహుతి విమానాలు గుంపులు గుంపులుగా వస్తున్నాయి. ఒకినావా చుట్టూ డిస్ట్రాయర్లని విడివిడిగా నిలబెట్టారు. వాటి పని రాడార్‌లో విమానాల్ని ముందుగా చూసి, వెనకనున్న పెద్ద ఓడలకి కబురు చెయ్యడం. వచ్చే విమానానికి మొట్టమొదట కనబడేది కూడా అవే. అందులో ఒకటో నంబరు స్టేషను ఒకినావాకి ఉత్తరంగా దాదాపు 30 మైళ్ళ దూరంలో, సరిగ్గా క్యూషూ నుంచి వచ్చే దారిలో. లాఫీని అక్కడ పెట్టారు.

నిజం చెప్పాలంటే, అది ఎరగా పెట్టినట్టే. మ్యూజియం బోర్డులు ఆ మాట అనవు, చాలా మర్యాదగా రాస్తాయి.

ఆ పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో రాడార్ తెర మీద యాభై దాకా విమానాలు కనిపించాయి. వాటిలో 22 లాఫీ మీద పడ్డాయి. మొదటివాటిని ఫిరంగులు దూరంలోనే కూల్చేశాయి. తర్వాత నాలుగు పక్కల నుంచీ రావడం మొదలైంది. ఒకటి మధ్య భాగంలో గన్ల మీద పడి మంటలు లేచాయి. ఒకటి బాంబుతో సహా వెనక ఫిరంగి గూటిలోకి దూసుకొచ్చింది. మంటలు చూసి ఇంకొకటి అక్కడే వచ్చి పడింది. ఓడ వెనక పడ్డ ఒక బాంబు చుక్కానిని ఎడమవైపు 26 డిగ్రీల దగ్గర బిగించేసింది. ఇక తిప్పడానికి లేదు. ఓడ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. కెప్టెన్ చేతిలో మిగిలింది వేగం పెంచడం, తగ్గించడం.

ఆ కెప్టెన్ పేరు ఫ్రెడరిక్ జూలియన్ బెక్టన్, కమాండర్. వెనక పరిస్థితి బాగా లేదు, ఓడ వదిలేయాలేమో అని ఒక ఆఫీసరు అడిగితే, ఒక్క గన్ పేలుతున్నంత కాలం వదిలేది లేదన్నాడు. ఈ మాట ఇక్కడ గోడల మీద ఉంటుంది, టీషర్టుల మీద ఉంటుంది. నాకు నచ్చింది మాత్రం దాని తర్వాతి మాట. పక్కనే కాపలా చూస్తున్న ఒక కుర్రాడు కెప్టెన్‌కి వినబడకుండా, "దాన్ని పేల్చడానికి ఒక్కడు మిగిలితే" అని గొణిగాడట.

మేం వెనక గూటి దగ్గరికి వెళ్ళాం. ఆ పొద్దున ఏం జరిగిందో శబ్దాలతో, వెలుగులతో అక్కడ ఒక షోలాగా చూపిస్తారు. బాగానే చేశారు. నాన్న రెండు నిమిషాలు విని బయటికొచ్చేశారు.

"ఇది ఆ గూడు కాదు కదా?"

కాదు. అది అప్పుడే ధ్వంసమైపోయింది, ఇది తర్వాత బిగించింది.

"మరి చిన్న గన్లు ఏవి? విమానాల్ని కొట్టేవి ఉంటాయి కదా?"

అవీ లేవు. యుద్ధంలో 40 మిల్లీమీటర్ల గన్లు పన్నెండు, 20 మిల్లీమీటర్లవి పదకొండు ఉండేవి. 1962లో ఓడని మార్చినప్పుడు ఇలాంటివి తీసేసి, వెనక డ్రోన్ హెలికాప్టర్ కోసం గది కట్టారు. ఈ రోజు మనం చూసే లాఫీ రూపం అరవయ్యో దశకానిది. ఆ ఎనభై నిమిషాలు పోరాడిన గన్లు చాలావరకు దీని మీద లేవు. అక్కడ నిలబడి ఫోటోలు తీసుకుంటున్న ఒక కుటుంబానికి ఈ సంగతి చెబుదామనిపించింది. పిల్లాడు ఫిరంగి పక్కన సెల్యూట్ చేస్తున్నాడు, ఎందుకులే అని ఊరుకున్నాను.

"ఓడ మాత్రం అదే" అన్నారు నాన్న. అని, డెక్ మీద కాలితో తట్టారు.

అక్కణ్ణుంచి మాకు గన్ల మీద ధ్యాస పోయింది. ఆరు విమానాలు గుద్దుకుని, నాలుగు బాంబులు పడితే కవచం లేని ఓడ ఎలా మునగలేదు అన్నదే నాన్న పట్టుకున్న ప్రశ్న. గన్లు ఎంత బాగా పేల్చినా, తగిలినవి తగిలాయి కదా.

కింది గదుల్లోకి దిగడానికి మెట్లు దాదాపు నిట్టనిలువు. నాన్న వెనక్కి తిరిగి, రెండు చేతులతో గొట్టాలు పట్టుకుని, చూడకుండానే దిగిపోయారు. నేను మాత్రం ప్రతి మెట్టుకీ ఒక దేవుణ్ణి తలుచుకున్నాను. లోపల మూడు అంతస్తుల మంచాలు. పైవాడి నడుము కిందివాడి ముక్కుకి జానెడు దూరంలో ఉంటుంది. గదికీ గదికీ మధ్య గుమ్మానికి ఉక్కు తలుపు, దాని చుట్టూ బిగించే పిడులు. నాన్న ఒక తలుపు అంచున ఉన్న రబ్బరు పట్టీని వేలితో నొక్కి చూసి, "ఇదమ్మా" అన్నారు. "ఇది మూసి ఉంటే ఒక గది మునుగుతుంది. తెరిచి ఉంటే ఓడ మునుగుతుంది."

ఆ పొద్దున కింద జరిగింది అదే. వెనక భాగంలోకి నీళ్ళు వస్తున్నాయి. మందుగుండు గది అంటుకోకుండా చూడాలి. వేడెక్కిపోయిన గుళ్ళని చేతులతో ఎత్తి సముద్రంలో పారేశారు. అత్యవసర డీజిల్ జనరేటర్ గదిలో ఇద్దరు ఇరుక్కుపోయారు. పైన మంట, లోపల పొగ. తోటివాళ్ళు ముందు గోడకి ఒక బెజ్జం కొట్టి గాలి పంపారు, తర్వాత డెక్‌ని కోసి ఇద్దర్నీ ప్రాణాలతో పైకి లాగారు. నేను ఇది చదువుతుంటే నాన్న పైకప్పు వైపు చూస్తున్నారు. ఎంత మందం ఉంటుంది, ఏ గ్యాసుతో కోసి ఉంటారు, లోపలున్నవాళ్ళ మీద నిప్పురవ్వలు పడకుండా ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి ఉంటారు అని లెక్కలు. యార్డులో ఒకసారి ట్యాంకులో ఇరుక్కున్న కుర్రాణ్ణి ఇలాగే కోసి తీశామని అప్పుడు చెప్పారు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరికీ ఈ కథ తెలీదు.

ఆ మధ్యాహ్నం ఇంకో నౌక వచ్చి లాఫీని తాడు కట్టి లాక్కెళ్ళింది, తర్వాత టగ్‌లు అందుకున్నాయి. మరుసటి రోజుకి ఒకినావా లంగరు దగ్గరికి చేర్చారు. ఎంత నీరు లోపలికొస్తే అంత బయటికి తోడుతూనే ఉన్నారు. 32 మంది చనిపోయారు, 71 మంది గాయపడ్డారు. ఓడలో దాదాపు ముగ్గురిలో ఒకరు.

బెక్టన్‌కి ఈ లాక్కెళ్ళడం గురించి మనసులో ఏముండి ఉంటుందో ఊహించవచ్చు. అంతకుముందు ఆయన ఆరన్ వార్డ్ అనే డిస్ట్రాయర్ మీద ఉండేవాడు. 1943 ఏప్రిల్ 7న పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దగ్గర బాంబులు తగిలాక, దాన్ని ఒడ్డుకి లాక్కెళ్తుండగానే అది మునిగిపోయింది. ఇంకో సంగతి. లాఫీ పేరుతో అంతకుముందే ఒక డిస్ట్రాయర్ ఉండేది, అదీ 1942 నవంబరు 13న గ్వాడల్‌కెనాల్ దగ్గర రాత్రి యుద్ధంలోనే మునిగింది. ఆ యుద్ధంలో ఆరన్ వార్డ్ కూడా ఉంది.

పైకి వచ్చాక ఒక వాలంటీరు తగిలాడు. పెద్దాయన, తలమీద టోపీ, అరవైల్లో డిస్ట్రాయర్ల మీద పనిచేశాడట. నేను మధ్యలో తర్జుమా చేద్దామని నిలబడ్డాను గానీ, నా అవసరం పడలేదు. నాన్న "డబ్లర్ ప్లేట్?" అన్నారు (అరిగిన ప్లేటు మీద వెల్డ్ చేసే రెండో ప్లేటు), ఆయన "ఓ యెస్!" అన్నాడు, ఇద్దరూ రెయిలింగు మీద వంగిపోయారు. అరగంట. నాకు అర్థమైంది ఇది: 2008లో ఈ ఓడ అడుగున వందకి పైగా చోట్ల నీళ్ళు కారుతున్నట్టు బయటపడింది. కట్టేసిన చోటే మునిగిపోతుందేమో అని టెన్షన్ పట్టుకుంది. 2009 ఆగస్టులో నార్త్ చార్ల్‌స్టన్‌లోని డెటియన్స్ షిప్‌యార్డ్‌కి లాక్కెళ్ళి, డ్రైడాక్ ఎక్కించి, అంటే నీళ్ళు తోడేసి అడుగు బయటపడే తొట్టిలో నిలబెట్టి, తుప్పు తిన్న ప్లేట్లు మార్చారు. ఖర్చు తొంభై లక్షల డాలర్ల స్థాయిలో, అదీ రాష్ట్రం దగ్గర అప్పు చేసి. 2012 జనవరి 25న మళ్ళీ ఇక్కడికి తెచ్చారు.

ఇక్కడే పక్కన క్లమగోర్ అని ఒక జలాంతర్గామి కూడా ఉండేది. దానికి అంత డబ్బు దొరకలేదు. 2022లో తీసేసి, ముక్కలు చేశారు.

ఆరు విమానాలు ముంచలేని ఓడని తుప్పు దాదాపు ముంచేసింది. ఈ మాట ఆ పెద్దాయన నవ్వుతూ చెప్పాడు. నాన్న నవ్వలేదు.

మధ్యాహ్నం అమ్మ, మావాడు వచ్చి కలిశారు. మావాడు యార్క్‌టౌన్ మీద విమానాల పేర్లన్నీ అప్పజెప్పాడు. "తాతయ్యా, ఇందులో ఏముంది?" అంటే, "తలుపులున్నాయిరా, చూపిస్తా రా" అని నాన్న వాణ్ణి మళ్ళీ కిందికి తీసుకెళ్ళారు.

రాత్రి షెమ్ క్రీక్ ఒడ్డున భోజనం. రొయ్యలు, గ్రిట్స్. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ, కాస్త జారుగా చేసిన ఉప్మాలాగే ఉంటుంది. అమ్మకి నచ్చింది, పోపు లేదన్నదొక్కటే లోటు.

ఆదివారం

పొద్దున్నే పేట్రియట్స్ పాయింట్ నుంచే లాంచీ ఎక్కి ఫోర్ట్ సమ్టర్‌కి వెళ్ళాం. 1861 ఏప్రిల్ 12న అమెరికా అంతర్యుద్ధంలో తొలి గుళ్ళు పేలింది ఈ కోట మీదే. మ్యాపులో చుక్కలా కనిపించే ఇటుకల కోట. ఎండ, గాలి, పెలికాన్ పక్షులు. చూసి రావడానికి బాగుంది.

లాంచీలో కూర్చుని నేను ఆలోచించింది వేరే. లాఫీ అన్న పేరు ఒక మామూలు నావికుడిది. బార్ట్‌లెట్ లాఫీ, ఐర్లండ్‌లోని గాల్వేలో పుట్టి అమెరికా వచ్చినవాడు. 1864 మార్చి 5న మిసిసిపీలోని యాజూ సిటీలో, ఒడ్డు మీదికి దింపిన చిన్న ఫిరంగి దగ్గర శత్రువులు మీద పడుతున్నా నిలబడి పోరాడినందుకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. ఆయన ఉత్తరాది పక్షం. ఆయన పేరున్న ఓడ ఇప్పుడు దక్షిణాది తిరుగుబాటు మొదలైన కోటకి ఎదురుగా, అదే రేవులో ఉంది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఓడలకి చోటు దొరికేది అలాగే.

మధ్యాహ్నం నార్త్ చార్ల్‌స్టన్‌లో హన్లీ చూశాం. శత్రు నౌకని ముంచిన మొట్టమొదటి జలాంతర్గామి ఇదే. 1864 ఫిబ్రవరి 17న హౌసటానిక్ అనే ఓడని ముంచి, తనూ ఎనిమిది మందితో సహా మునిగిపోయింది. 2000లో పైకి తీశారు. లోపల మనుషులు కూర్చుని చేతులతో ఇరుసు తిప్పితే కదిలే ఇనప గొట్టం అది. మావాడు లోపలికి తొంగి చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాన్నకి నచ్చింది మాత్రం దాన్ని ఉంచిన తొట్టి. నూట ముప్ఫై ఏళ్ళకి పైగా సముద్రంలో ఉన్న ఇనుములో ఉప్పు లోపలి దాకా పట్టేసి ఉంటుంది. గాలికి పెడితే పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకని కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళలో ఏళ్ళ తరబడి నానబెట్టి ఉప్పుని మెల్లగా బయటికి లాగుతున్నారు. "ఎన్నేళ్ళు పడుతుందట?" అని నాన్న గైడుని రెండుసార్లు అడిగారు. ఓడల్ని త్వరగా అప్పగించమని జీవితమంతా పై అధికారులు వెంటపడ్డ మనిషికి, తొందరపడనక్కర్లేని ఇనప పని ఒకటుందంటే ముచ్చటేసినట్టుంది.

సోమవారం

టిఫిన్ చేసి బయల్దేరిపోయాం. కారులో మావాడు లాఫీ తర్వాత ఏమైందని మొదలుపెట్టాడు. తాతయ్య దగ్గర ఒక రాత్రిలో బాగానే తయారయ్యాడు.

ఒకినావా నుంచి తాత్కాలిక రిపేర్లతో సియాటిల్ చేరింది. బాగుచెయ్యడానికి ముందు, ఆ పగిలిన ఓడని అలాగే జనానికి చూపించారు. యూరప్‌లో యుద్ధం అయిపోయిందని ఫ్యాక్టరీల్లో చేతులు ముడుచుకోకండి అని చెప్పడానికి. రిపేరు సెప్టెంబరు దాకా సాగింది, అప్పటికి జపాన్ లొంగిపోయింది. బయటికొచ్చిన వారంలోపే, 11న శాన్ డియెగో దగ్గర పొగమంచులో పీసీ-815 అనే తమ సొంత చిన్న గస్తీ ఓడనే గుద్దేసింది. అది మునిగింది, సిబ్బందిలో ఒకరు తప్ప అందర్నీ లాఫీయే కాపాడింది. ఈ సంగతి గొప్పగా చెప్పుకునేది కాదు, అందుకే ఎక్కడా పెద్ద అక్షరాలతో కనబడదు.

1946లో పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షలకి వెళ్ళింది. నీళ్ళలో కలిసిన రేడియోధార్మికత ఓడకి పట్టుకుంటే, ఇసుకతో రుద్ది కడగాల్సి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళు మూలన పడేసి, 1951లో మళ్ళీ బయటికి తీశారు. కొరియా యుద్ధంలో వాన్సాన్ రేవు దగ్గర ఒడ్డు మీది ఫిరంగులతో తలపడింది. 1975 మార్చిలో రిటైరైంది. 1981లో మ్యూజియం.

"మన వైజాగ్‌లో ఇలాంటి డిస్ట్రాయర్ లేదా తాతయ్యా?"

"ఉండేదిరా. రాజ్‌పుత్."

అదీ ఆ యుద్ధం నాటిదే. 1942లో బ్రిటన్‌లో రోథరమ్ అనే పేరుతో నౌకాదళంలో చేరి, 1949లో మనకొచ్చింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళ విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిలకే (నీళ్ళ లోపల పేలే బాంబులు) అని మన నౌకాదళం, లోపలి ప్రమాదమో తాను పరిచిన మైనో అని పాకిస్తాన్. నాన్నకి అప్పుడు పదహారేళ్ళు, పాత పోస్టాఫీసు దగ్గర అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు. "కిటికీ రెక్కలు అదిరిపోయాయి. మా అమ్మ భూకంపమని అందర్నీ వీధిలోకి లాక్కొచ్చింది" అన్నారు. పొద్దున జాలర్లు చెప్పేదాకా ఏం జరిగిందో తెలీలేదట.

"ఇప్పుడెక్కడుంది ఆ ఓడ?"

"1976లో ముక్కలు చేసి అమ్మేశారు."

"ఎందుకు?"

అమ్మ, "వాడికి ఆ గొడవంతా ఎందుకు" అంది గానీ నాన్న వినలేదు. పాత ఓడని ఉంచుకోవాలంటే జెండా ఎగరేస్తే సరిపోదని, ఎన్నేళ్ళకోసారి డ్రైడాక్ ఎక్కించాలో, అడుగున జింకు ముక్కలు ఎందుకు కడతారో, ఒక ప్లేటు మారిస్తే పక్క ప్లేటు ఎలా బయటపడుతుందో వాడికి వివరంగా చెప్పారు. బఫెలోలో ద సల్లివన్స్ అనే డిస్ట్రాయర్ కూడా మ్యూజియమే, 2022 ఏప్రిల్‌లో అడుగున చిల్లులు పడి కట్టేసిన చోటే పక్కకి ఒరిగిపోయిందని నేను చెబితే, "చూశావా!" అని వాడి తొడ మీద చరిచారు.

వైజాగ్ బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మాత్రం ఇసుక మీదికి లాగి, కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టారు. 2002లో అంత ఖర్చు పెట్టి నీళ్ళలోంచి బయటికి లాగడం దండగని షిప్‌యార్డ్‌లో కొందరు నవ్వారట. నాన్న అప్పుడు ఏ పక్షమో చెప్పలేదు. ఇప్పుడు మాత్రం, "మనవాళ్ళు చేసిన పనే రైటు. అడుగు కంటికి కనబడుతుంది, నిచ్చెన వేసుకుని రంగు వెయ్యొచ్చు" అన్నారు.

"మరి లాఫీని కూడా ఒడ్డు మీద పెట్టొచ్చు కదా?"

ఈ ప్రశ్నకి ఆయన కొలంబియా వచ్చేదాకా లెక్కలు వేశారు. బరువు 2,200 టన్నులు, ఆయుధాలు అవీ వేస్తే ఇంకా ఎక్కువ. ఆ బురద నేలలో పునాది ఎంత లోతుకి వెయ్యాలి, లోపలికి ఎలా లాగాలి. నా ఫోన్‌లో ఆ చోటు మ్యాపు తెరిపించి, లోతు ఎంతుందో చూడమన్నారు. చివరికి నన్నడిగారు, "మొన్నటి ఆ పెద్దాయన నంబరు తీసుకున్నావా అమ్మాయ్? మళ్ళీ డ్రైడాక్ ఎప్పుడు ఎక్కిస్తారో అడగడం మర్చిపోయాను."